పలివెల చుట్టుపక్కల బ్యాండు మోత: కొన్ని విశేషాలు

రాక్ బ్యాండు అంటే మహానగరాల సొత్తని చాలామంది అభిప్రాయం. కోనసీమలో నిలబడి చూస్తే ఆ అభిప్రాయం మారుతుంది. కొత్త చప్పుడు ఎక్కడ పుట్టినా దానికి ఊపిరి పోసేది చిన్న ఊళ్లే. నమ్మకం కుదరకపోతే ఇవి చదవండి.

★ కొత్తపేట మండలం పలివెలలో శివుడు కొప్పుతో దర్శనమిస్తాడు. అందుకే ఆయన ఉమా కొప్పులింగేశ్వరుడయ్యాడు. ఈ సీమలో దేవుడి వేడుక ఏదైనా మేళం లేనిదే సాగదు.

★ కనుమనాడు అంబాజీపేట మండలంలోని జగ్గన్నతోటకు పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు తరలివస్తాయి. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలను పచ్చటి చేలల్లోంచి, కౌశిక కాలువ నీళ్లలోంచి భుజాల మీద దాటిస్తారు. ‘అశ్శరభ శ్శరభ’ కేకలు, డప్పులు, సన్నాయిలు కలిసి మోగుతుంటే చూసేవాళ్ల ఒళ్లు పులకరిస్తుంది. టికెట్టు లేని ఇంత పెద్ద సంగీత వేదిక మరెక్కడుంది?

★ కొబ్బరి మార్కెట్టుకు పేరుపడ్డ అంబాజీపేట 2024 ఫిబ్రవరి 2న వెండితెరకెక్కింది. దుష్యంత్ కటికనేని దర్శకత్వంలో సుహాస్ నటించిన ‘అంబాజీపేట మ్యారేజి బ్యాండు’లో కథానాయకుడు పెళ్లి మేళంలో వాయించే కుర్రాడు. ఊరి శుభకార్యాలన్నిటికీ వాయించేవాడికి ఆ ఊరు ఇచ్చే మర్యాద ఎంత? సినిమా సూటిగా వేసిన ప్రశ్న ఇదే.

★ కోనసీమలోని శంకరగుప్తంలో 1930లో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ సంప్రదాయంలో ఉంటూనే కొత్త దారి తొక్కారు. నాలుగే స్వరాలతో మహతి, లవంగి, మూడే స్వరాలతో సర్వశ్రీ రాగాలను సృష్టించారు. గాత్రంతోపాటు పాశ్చాత్య వాద్యమైన వయోలాను కూడా కచేరీల్లో వినిపించారు. ఫ్రాన్సు ప్రభుత్వం 2005లో ఆయనను షెవాలియర్ పురస్కారంతో గౌరవించింది.

★ తెలుగులో సినిమా అండ లేకుండా జనంలోకి వెళ్లిన బ్యాండ్లలో హైదరాబాదుకు చెందిన ‘చౌరస్తా’ ముందు వరుసలో ఉంటుంది. యశ్వంత్ నాగ్, రామ్ మిరియాల వంటి యువకులు జానపదానికి రెగె లయను జతచేశారు. ‘ఊరెళ్లిపోతా మామ’ యూట్యూబులో ఊరూరికీ చేరింది. గిటారు నగరానిదే, బెంగ మాత్రం పల్లెది. ఆ పాట అంతమందికి సొంతమైంది అందుకే.

★ రెగె జమైకా ద్వీపంలో పుట్టింది. బాబ్ మార్లే సైతం నైన్ మైల్ అనే పల్లెటూరి బిడ్డే. ఈ సంగీతంలో ‘వన్ డ్రాప్’ అనే డ్రమ్ము వరసకు ఒక ప్రత్యేకత ఉంది. నాలుగు దెబ్బల్లో మొదటిది ఖాళీగా వదిలేసి, బరువంతా మూడో దెబ్బ మీద వేస్తారు. యునెస్కో 2018లో రెగెను మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

★ 2020లో కరోనా కమ్ముకొచ్చినప్పుడు చౌరస్తా చేసిన ‘చేతులెత్తి మొక్కుతా’ పాట ఇంటింటా మోగింది. జాగ్రత్తలను జనం భాషలో చెప్పిన ఆ పాట ఎంతోమందికి ధైర్యాన్నిచ్చింది.

★ బ్యాండులో రాటుదేలిన గొంతును సినిమా వదులుకోలేదు. ‘జాతిరత్నాలు’లో ‘చిట్టి’ పాడింది రామ్ మిరియాలే. ‘డీజే టిల్లు’లో ‘టిల్లు అన్న డీజే పెడితే’కు స్వరం, గాత్రం రెండూ ఆయనవే. ‘బలగం’ చిత్రంలో మంగ్లీతో కలిసి ఆయన పాడిన ‘ఊరు పల్లెటూరు’ పాట రాసినందుకు కాసర్ల శ్యామ్‌కు ఉత్తమ గీత రచయితగా 71వ జాతీయ చలనచిత్ర పురస్కారం దక్కింది.

★ 2024 ఆగస్టు 15న విడుదలైన ‘ఆయ్’ కోనసీమ కథ. ఆ సినిమా సంగీతంలోనూ అజయ్ అరసాడతోపాటు రామ్ మిరియాల పాలుపంచుకున్నారు.

★ చిన్న ఊళ్లు కొత్త చప్పుడుకు ఊపిరి పోయడం అమెరికాలోనూ జరిగింది. నిర్వాణా బ్యాండు 1987లో అబర్డీన్ అనే కలప వ్యాపారపు చిన్న ఊళ్లో మొదలైంది. 1991లో వచ్చిన వారి ‘నెవర్‌మైండ్’ ఆల్బం 1992 జనవరిలో మైకేల్ జాక్సన్ ‘డేంజరస్’ను పక్కకు నెట్టి బిల్‌బోర్డు జాబితాలో మొదటి స్థానం అందుకుంది. ప్రత్యామ్నాయ రాక్ అనే మాట సామాన్య శ్రోతల దాకా వెళ్లింది అప్పుడే.

జమైకా పల్లె అయినా, అబర్డీన్ అయినా, అంబాజీపేట అయినా నేర్పేది ఒకటే: వాయిద్యం ఎక్కడిదైనా ఫర్వాలేదు, పాట మాత్రం మన ఊరి మాటలో ఉండాలి. పలివెలలోనో కొత్తపేటలోనో గిటారు పట్టుకున్న కుర్రాళ్లు కనిపిస్తే వాళ్లను నిరుత్సాహపరచకండి. ఈసారి మీ ఊరి తీర్థంలో రికార్డు పాటలను అరగంటసేపు ఆపించి, వాళ్ల సొంత పాటకు మైకు ఇప్పించండి.