పసిగుడ్డుకీ పాసే!

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



కిందటేడు మా చెల్లెలి పురుటికి సింగపూరు వెళ్లి నెల్లాళ్లు ఉండి వచ్చాను. నిజానికి వెళ్లవలసింది మా అమ్మ. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. అంత దూరం విమానంలో కూర్చోలేనంది. పెద్దదాన్ని కదా, అంచేత నేను బయలుదేరాను. తిరిగి వచ్చాక అందరూ నన్నడిగినవి రెండే ప్రశ్నలు. "ఏమేం కొనుక్కొచ్చావు?" అని ఒకటి, "ఊరు అద్దంలా ఉంటుందటగా?" అని ఇంకోటి. ఊరు శుభ్రంగానే ఉంటుంది, అందులో అబద్ధం లేదు. కానీ ఈవేళ నేను చెప్పదలచుకున్నది ఆ సంగతి కాదు. పరాయి దేశాల నుంచి వచ్చి ఆ ఊళ్లో బతుకుతున్నవాళ్ల సంసారాల సంగతి.

నేను వెళ్లేసరికి పాప పుట్టి అయిదో రోజు. బారసాల ఎప్పుడు చేద్దామా అని నేను తిథులు లెక్క పెట్టుకుంటూ ఉంటే, మా మరిది "వదినగారూ, ముందు పాస్‌పోర్టు పని చూడాలండీ" అన్నాడు. నాకేమీ అర్థం కాలేదు. తరవాత తెలిసింది. పరాయి దేశస్థుల బిడ్డ సింగపూరులో పుట్టినంత మాత్రాన ఆ దేశపు బిడ్డ అయిపోదు. పుట్టిన 42 రోజుల వరకే ఊరికే ఉండనిస్తారు. ఆ లోపల సొంత దేశం పాస్‌పోర్టు తెప్పించుకుని, ఆ పసిగుడ్డు పేరున అక్కడ ఉండడానికి ఒక పాస్ సంపాదించాలి. ఇక ఫోటో! మెడ నిలవని పిల్లని తెల్ల దుప్పటి మీద పడుకోబెట్టి, కళ్లు తెరిపించి, నోరు మూయించి ఫోటో తీసేసరికి మా ముగ్గురికీ గంటన్నర పట్టింది. పేరు లేనిదే పాస్‌పోర్టు ఇవ్వరు గనక, బియ్యంలో రాయకముందే పాప పేరు కాగితం మీద పడిపోయింది.

అప్పటినుంచి నాకు ఆ పాస్‌ల మీద ధ్యాస పడింది. 2024 జూన్ లెక్కల ప్రకారం సింగపూరు జనాభా 60 లక్షల 40 వేలు. అందులో 18 లక్షల 60 వేల మంది అక్కడి పౌరులూ కారు, శాశ్వత నివాసానికి హక్కు ఉన్నవాళ్లూ కారు. అంటే వీధిలో పదిమంది ఎదురైతే ముగ్గురు పరాయివాళ్లేనన్నమాట. అందరికీ ఏదో ఒక పాస్ ఉంటుంది. మనిషి అక్కడ ఎన్నాళ్లు ఉండాలి, ఏ పని చెయ్యాలి, ఇవన్నీ ఆ పాసే నిర్ణయిస్తుంది. ఆడవాళ్లం మనం ముఖ్యంగా గమనించవలసింది ఇంకోటి ఉంది. భార్యాబిడ్డల్ని దగ్గర పెట్టుకోవచ్చా లేదా అన్నది కూడా ఆ పాసే నిర్ణయిస్తుంది.

మా మరిదిలాంటి పెద్ద ఉద్యోగస్థులకి ఇచ్చేది ఎంప్లాయ్‌మెంట్ పాస్. 2025 జనవరి నుంచి కొత్తగా ఈ పాస్ కావాలంటే నెలజీతం కనీసం 5600 సింగపూరు డాలర్లు ఉండాలి. వయసు పెరిగినకొద్దీ ఇంకా ఎక్కువ ఉండాలి. భార్యాపిల్లల్ని తెచ్చుకోవాలంటే 6000 డాలర్లు రావాలి. తల్లిదండ్రుల్ని కూడా తెచ్చి ఉంచుకోవాలంటే 12,000 రావాలి. చూశారా, మన ఇళ్లల్లో అమ్మానాన్నలు ఎవరి దగ్గర ఉండాలన్నది అన్నదమ్ములు కూర్చుని తేల్చుకుంటారు. అక్కడ జీతం కాగితం తేలుస్తుంది.

అలా భర్తతో వెళ్లిన భార్యకి ఇచ్చేది డిపెండెంట్ పాస్. మా చెల్లెలు బీటెక్ చదివి హైదరాబాదులో అయిదేళ్లు ఉద్యోగం చేసిన పిల్ల. ఇదివరకు ఈ పాస్ ఉన్న ఆడవాళ్లు ఒక అనుమతి ఉత్తరం తీసుకుని ఉద్యోగం చేసుకునేవారట. 2021 మే 1 నుంచి పద్ధతి మారింది. ఉద్యోగం చెయ్యాలంటే తన పేరున తనకి వేరే పాస్ ఉండాలి. అది ఇప్పించే కంపెనీ దొరకాలి. మా చెల్లెలు రెండేళ్లు ప్రయత్నించి ఊరుకుంది. "వంట బాగా వచ్చిందక్కా" అని నవ్వుతూనే అంది గాని, ఆ నవ్వు నాకు నచ్చలేదు.

వాళ్లుండేది ప్రభుత్వం కట్టించిన ఫ్లాట్లలో పదకొండో అంతస్తులో, అద్దెకి. అక్కడ చాలామంది జనం ఈ ఫ్లాట్లలోనే ఉంటారు. కింది అంతస్తు గోడలు లేకుండా ఖాళీగా వదిలేస్తారు. పెళ్లి జరిగినా, చావు జరిగినా బల్లలు వేసేది అక్కడే. సాయంత్రం చీనా ముసలమ్మలు, మలయా పిల్లలు, మనవాళ్లు అందరూ అక్కడే చేరతారు. ఎదురింటి చీనావాళ్లకీ అప్పుడే మనవడు పుట్టాడు. బాలింతరాలికి వండిపెట్టడానికి మలేసియా నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. అల్లం, నువ్వులనూనె వేసి వండేది. చన్నీళ్లు ముట్టనిచ్చేది కాదు. మా కారప్పొడి ఆవిడకి చూపిస్తే వాసన చూసి, ఇది మాలాంటిదే అన్నట్టు తల ఊపింది. ఆవిడకీ పాస్ ఉంది సుమండీ! బిడ్డ పుట్టిన 16 వారాలకి దాని గడువు తీరిపోతుంది.

మనకి కావలసినవి దొరకవేమోనని శొంఠి, పిప్పళ్లు ఇక్కడినుంచే మూట కట్టుకెళ్లాను. తీరా చూస్తే సెరంగూన్ రోడ్డు వైపు వెళితే అన్నీ ఉన్నాయి. టెక్కా మార్కెట్లో గోంగూర కట్ట చూసి ప్రాణం లేచొచ్చింది. ఆ రోడ్డు మీదే శ్రీనివాస పెరుమాళ్ గుడి ఉంది. 1975లో మొదలైన తెలుగు సమాజం ఉంది. తమిళం అక్కడి నాలుగు అధికార భాషల్లో ఒకటి. బళ్లో మాతృభాషగా తమిళమే కాకుండా హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ కూడా తీసుకోవచ్చు. తెలుగు మాత్రం ఆ జాబితాలో లేదు. అంచేత మన పిల్లలు తమిళమో హిందీయో చదువుకుంటారు. తెలుగు నేర్పవలసింది ఇంట్లో అమ్మే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మా చెల్లెలింట్లో ఇండొనీసియా అమ్మాయి ఒకతె పనికి ఉంది. అక్కడ పనిమనిషి అనరు, హెల్పర్ అంటారు. యజమాని ఇంట్లోనే ఉండాలి. నన్ను "ఇబూ" అని పిలిచేది. అంటే అమ్మ అని. ఇలాంటివాళ్లు 2024 చివరికి ఆ ఊళ్లో సుమారు 3 లక్షల మంది ఉన్నారు. ఇండొనీసియా, ఫిలిప్పీన్స్, మయన్మార్ దేశాల నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ. మొదటిసారి రావాలంటే 23 ఏళ్లు నిండాలి, ఎనిమిదేళ్లు చదువుకుని ఉండాలి. జీతం కాకుండా మా చెల్లెలివాళ్లు నెలనెలా ప్రభుత్వానికి 300 డాలర్లు కట్టాలి. 5000 డాలర్లకి పూచీ కూడా ఉండాలి. ఆ పూచీ ఎక్కడ పోతుందోనని అమ్మాయిల్ని గడప దాటనివ్వని యజమానులూ ఉన్నారు.

నేను వెళ్లిన మొదటి ఆదివారం పొద్దున్నే ఆ అమ్మాయి తలకి గులాబీరంగు గుడ్డ చుట్టుకుని, కొత్త చెప్పులు వేసుకుని "వెళ్లొస్తాను ఇబూ" అంది. నాకు ఒళ్లు మండింది. "పచ్చి బాలింతరాలు ఇంట్లో ఉంటే షికారేమిటే దీనికి?" అని చెల్లెలితో తెలుగులోనే అన్నాను. ఆ అమ్మాయికి మాట తెలియకపోయినా నా మొహం తెలిసింది. గుమ్మంలో నిలబడిపోయింది. మా చెల్లెలు ఆమెని పంపించేసి వచ్చి, "అక్కా, అది తన రోజు. నువ్వు అడ్డు చెప్పడానికి లేదు" అంది.

అది ఊరికే వచ్చిన రోజు కాదు. 2013 జనవరి 1 తరవాత కుదిరిన పనులకి వారానికి ఒక సెలవు ఇవ్వాలని నియమం వచ్చింది. ఆ అమ్మాయి ఒప్పుకుంటే సెలవుకి బదులు డబ్బు ఇవ్వచ్చు. డబ్బు అవసరం ఉన్నవాళ్లు ఒప్పుకోక ఏం చేస్తారు? అలా నాలుగు ఆదివారాలూ డబ్బుకే పోతూంటే, 2023 జనవరి నుంచి నెలకి ఒక్క రోజైనా సెలవుగానే ఇచ్చి తీరాలన్నారు. పనికి సంబంధించిన మామూలు చట్టం ఇప్పటికీ వీళ్లకి వర్తించదు. ఉన్నవి విడి నియమాలే. ఒక్కో నియమం వెనక ఒక్కో కథ ఉంటుంది. ఎత్తయిన ఫ్లాట్లలో కిటికీల బయటివైపు తుడుస్తూ అమ్మాయిలు పడి చనిపోయాక, 2012లో ఒక నియమం పెట్టారు. ఊచలు బిగించి, తాళం వేసి, పెద్దవాళ్లు ఎవరైనా దగ్గరుంటే తప్ప కిటికీ బయటివైపు తుడిపించకూడదు. మా చెల్లెలు అది చెబుతూంటే నాకు పదకొండో అంతస్తు కిటికీ వైపు చూడడానికి భయం వేసింది.

తరవాతి ఆదివారం నేనూ ఆమెతో బయలుదేరాను. పాయా లేబర్ అనే చోట సిటీ ప్లాజా అని దుకాణాల భవనం ఒకటి ఉంది. ఆదివారం అది ఇండొనీసియా ఆడవాళ్లదే. ఫిలిప్పీన్స్ వాళ్లు ఆర్చర్డ్ రోడ్డు మీద లక్కీ ప్లాజాలో చేరతారు. మయన్మార్ వాళ్లు పెనిన్సులా ప్లాజాలో చేరతారు. ఇళ్లకి డబ్బు పంపడం, పార్సిళ్లు కట్టడం, పచ్చిక మీద గుడ్డ పరుచుకుని తెచ్చుకున్నవి పంచుకుని తినడం, ఒకరి జడ ఒకరు దువ్వుకోవడం. షికారు అని నేనన్నది ఇదన్నమాట. వారంలో ఆరు రోజులు ఒకరింట్లో మెలిగి, ఏడో రోజు తమ భాషలో గట్టిగా మాట్లాడుకోవడానికి వస్తున్నారు.

ఆమెకి జావాలో ఎనిమిదేళ్ల కొడుకున్నాడు. మూడో ఏట వాణ్ణి తల్లి దగ్గర వదిలి వచ్చింది. రెండేళ్లకోసారి వెళ్లి చూస్తుంది. మొదట్లో కొన్ని నెలల జీతం ఏజెంటు అప్పుకే పోయిందట. ఒకరోజు రాత్రి పాప గుడ్డలు మడత పెడుతూ కొడుకుతో ఫోన్లో మాట్లాడుతోంది. వాడు పాపని చూపించమన్నాడు. చూపించింది. వాడేదో అడిగాడు. ఈమె నవ్వి జవాబు చెప్పింది. "ఏమంటున్నాడు?" అన్నాను. "పాప రాత్రి ఏడిస్తే ఎవరు లేస్తారని అడుగుతున్నాడు. నేనే అని చెప్పాను" అంది. నేను మరి మాట్లాడలేకపోయాను.

వర్క్ పర్మిట్ మీద వచ్చిన మనిషి కుటుంబాన్ని తెచ్చుకోవడానికి లేదు. అక్కడి పౌరుల్ని పెళ్లి చేసుకోవాలన్నా ప్రభుత్వం అనుమతి కావాలి. ఈ అమ్మాయిలకి ఆరునెలలకోసారి వైద్యపరీక్ష చేస్తారు, అందులో గర్భపరీక్ష కూడా ఉంటుంది. గర్భం వస్తే అక్కడ ఉండనివ్వరు. ఒకే ఇంట్లో ఒక తల్లికి పురుడు పోసుకుని బిడ్డకి పాస్ తెచ్చుకునే వీలుంది. ఆ బిడ్డని ఎత్తుకు తిరిగే తల్లికి తన బిడ్డని వారం రోజులు తెచ్చి ఉంచుకునే ఏర్పాటు ఆ పర్మిట్లో లేదు.

ఇది ఆడవాళ్ల బాధ మాత్రమే కాదు. టెక్కాలో కూరలు కొంటూ ఉంటే వెనక నుంచి "ఇక్కడ పచ్చిమిరగాయలు బాగుంటాయమ్మా" అని తెలుగు వినిపించింది. శ్రీకాకుళం వైపు అబ్బాయి. వెల్డింగు పని. లారీ వెనక కూర్చుని పనికి వెళతారు. రాత్రికి వాళ్ల వసతి గృహంలో ఒక గదిలో చాలామంది పడుకుంటారు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఇలాంటి వసతి గృహాల్లో ఉన్న కూలీల్లో దాదాపు సగం మందికి అంటుకుంది. నెలల తరబడి బయటికి రానివ్వలేదు. ఆ అబ్బాయి పెళ్లయిన నాలుగో నెలలో వచ్చాడట. కూతురు పుట్టింది, ఇంకా ఎత్తుకోలేదు. మా మరిదిదీ ఆంధ్రదేశమే, ఇతనిదీ ఆంధ్రదేశమే. పాస్ వేరు. అంతే.

సింగపూరువాళ్లు చెడ్డవాళ్లని చెప్పడానికి కాదు నేనిదంతా చెప్పింది. ఆ జీతంతోనే జావాలో ఇల్లు లేచింది, పిల్లవాడు బడికి వెళుతున్నాడు. ఆ అమ్మాయే "మళ్లీ రెండేళ్లు ఉంటాను ఇబూ" అంది. మా చెల్లెలు ఆమెకి ఆదివారాలన్నీ ఇస్తుంది. రాత్రిపూట పాప లేస్తే రోజు మార్చి రోజు తను లేవడం మొదలుపెట్టింది. మనం చెయ్యగలిగింది ఆపాటే ఉంటుంది.

విజయవాడ తిరిగి వచ్చిన మర్నాడు మా పనిమనిషి గిన్నెలు తోముతూ ఉంటే, "నీకు నెలకి ఎన్ని సెలవులే?" అని అడిగాను. పన్నెండేళ్లుగా మా ఇంట్లో చేస్తోంది. ఎప్పుడూ అడగని ప్రశ్న ఇవాళ అడుగుతున్నానేమిటా అని అది నావైపు చూసింది. "మీరు ఊరెళ్లినప్పుడే కదమ్మా" అంది.

ఇప్పుడు నెలకి రెండు ఆదివారాలు, జీతం కొయ్యకుండా. మొదటి ఆదివారం గిన్నెలు తోముకుంటూ నేను విసుక్కున్నమాట నిజమే. అది మాత్రం కూతురింటికి వెళ్లొచ్చింది. సోమవారం పనికి వస్తూ మనవడి గురించి చెప్పడం మొదలుపెట్టింది, ఇంకా ఆపలేదు.