హ్యాపీ ద మ్యాన్: అన్నీ కుదిరినా జనం చెవిన పడని అమెరికన్ బ్యాండ్

ఈ ఎపిసోడ్‌లో మనం మాట్లాడుకోబోయే బ్యాండ్ పేరు హ్యాపీ ద మ్యాన్. రాక్ మ్యూజిక్ బాగా వినేవాళ్ళలో కూడా చాలామందికి ఈ పేరు తెలీదు. ప్రోగ్రెసివ్ రాక్ అనగానే పింక్ ఫ్లాయిడ్, జెనెసిస్, కింగ్ క్రిమ్సన్ అంటారు. ఇవన్నీ ఇంగ్లండ్ బ్యాండ్లు. అదే టైమ్‌లో అమెరికాలో వీళ్ళకి ఏమాత్రం తీసిపోకుండా వాయించిన కుర్రాళ్ళు కొందరున్నారు. వాళ్ళకి పెద్ద రికార్డ్ కంపెనీ దొరికింది, బీటిల్స్‌తో పనిచేసిన ప్రొడ్యూసర్ దొరికాడు. అయినా రెండు ఆల్బమ్స్‌తో కథ ఆగిపోయింది. ఎందుకలా జరిగిందో చూద్దాం.

ముందు ఈ ప్రోగ్రెసివ్ రాక్ అంటే ఏంటో సింపుల్‌గా చెప్పుకుందాం. మామూలు పాట ఎలా ఉంటుంది? పల్లవి, చరణం, మళ్ళీ పల్లవి. మూడు నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. 1970ల మొదట్లో కొంతమంది రాక్ మ్యుజీషియన్స్‌కి ఈ కొలత చాల్లేదు. వెస్టర్న్ క్లాసికల్ నుంచి కొంత, జాజ్ నుంచి కొంత తెచ్చి పది నిమిషాలు, ఇరవై నిమిషాలు సాగే పీసులు కట్టారు. తాళం కూడా మార్చారు. మామూలు రాక్‌లో లెక్క నాలుగు. వీళ్ళు ఐదు, ఏడు, పదకొండు లెక్కల్లో వాయించేవాళ్ళు. ఇది మనకి కొత్తేం కాదు. మన కర్ణాటక సంగీతంలో మిశ్రచాపు ఉంది కదా, "తకిట తకధిమి" అని మూడూ నాలుగూ కలిపి ఏడు. ఆ లెక్క తెలిసినవాళ్ళకి ఈ బ్యాండ్ వినడం ఇంకా సరదాగా ఉంటుంది. చేత్తో తాళం వేస్తూ వినండి, ఎక్కడ తప్పుతారో మీకే తెలుస్తుంది.

ఇక కథలోకి వెళ్దాం. 1972లో స్టాన్లీ విటేకర్ అనే కుర్ర గిటారిస్ట్, అమెరికన్ ఆర్మీలో ఉన్న రిక్ కెన్నెల్ అనే బేస్ ప్లేయర్ జర్మనీలో కలిశారు. ఇద్దరికీ ఒకటే పిచ్చి, ఇంగ్లండ్ ప్రోగ్రెసివ్ రాక్. అమెరికా తిరిగొచ్చాక వర్జీనియా రాష్ట్రంలో హారిసన్‌బర్గ్ అనే కాలేజీ ఊళ్ళో బ్యాండ్ మొదలైంది. శాక్సోఫోన్, కీబోర్డ్స్ వాయించే ఫ్రాంక్ వయాట్, కీబోర్డ్ ప్లేయర్ కిట్ వాట్కిన్స్, డ్రమ్మర్ మైక్ బెక్ వచ్చి చేరారు. మొదట్లో జెనెసిస్, కింగ్ క్రిమ్సన్ పాటలు వాయిస్తూ, మెల్లగా సొంత పీసులు రాసుకున్నారు. తర్వాత మకాం వాషింగ్టన్ డీసీ దగ్గరికి మార్చారు. అక్కడ జార్జ్‌టౌన్ యూనివర్సిటీ రేడియో స్టేషన్ వీళ్ళ మ్యూజిక్ వేసేది. అలా ఆ చుట్టుపక్కల కొంత పేరొచ్చింది.

1976లో ఒక పెద్ద సంఘటన జరిగింది. జెనెసిస్ నుంచి అంతకుముందు ఏడాదే బయటికొచ్చిన పీటర్ గేబ్రియల్, సోలో కెరీర్ కోసం తనతో వాయించే బ్యాండ్‌ని వెతుక్కుంటూ వీళ్ళ దగ్గరికొచ్చాడు. కలిసి రిహార్సల్స్ కూడా చేశారు. ఒక్కసారి ఊహించుకోండి, ఎవరి పాటలు నేర్చుకుని వాయించారో ఆ సింగరే వీళ్ళని వెతుక్కుంటూ వచ్చాడు. కానీ అది కుదరలేదు. ఆయన వేరే మ్యుజీషియన్స్‌తో ఆల్బమ్ చేసుకున్నాడు.

అదే ఏడాది అరిస్టా రికార్డ్స్‌తో కాంట్రాక్ట్ కుదిరింది. కంపెనీ అధిపతి క్లైవ్ డేవిస్, మ్యూజిక్ బిజినెస్‌లో చాలా పెద్ద పేరు. ప్రొడ్యూసర్‌గా వచ్చింది కెన్ స్కాట్. బీటిల్స్ వైట్ ఆల్బమ్‌కి ఇంజినీర్‌గా పనిచేసి, డేవిడ్ బోవీ, సూపర్‌ట్రాంప్ లాంటి వాళ్ళ ఆల్బమ్స్ ప్రొడ్యూస్ చేసిన మనిషి. 1977లో మొదటి ఆల్బమ్ వచ్చింది, పేరు కూడా హ్యాపీ ద మ్యాన్. 1978లో రెండోది, క్రాఫ్టీ హ్యాండ్స్. అప్పటికి డ్రమ్మర్ మారి రాన్ రిడిల్ వచ్చాడు.

వీళ్ళ పీసుల పేర్లు చూస్తే నవ్వొస్తుంది. "స్టంపీ మీట్స్ ద ఫైర్‌క్రాకర్ ఇన్ స్టెన్సిల్ ఫారెస్ట్" అని ఒకటుంది. అదేదో పిల్లల కథ పేరులా ఉంటుంది. కానీ లోపల మ్యూజిక్ గడియారంలో పళ్ళచక్రాల్లా ఒకదానికొకటి అతికినట్టు నడుస్తుంది. అందులో కిట్ వాట్కిన్స్ మినీమూగ్ సింథసైజర్‌ని స్పెషల్‌గా గమనించాలి. స్వరాన్ని పక్కకి వంచుతూ, గమకంలాగా, దాదాపు మనిషి గొంతులా పలికిస్తాడు.

మరి ఇంత బావుంటే ఎందుకు ఆడలేదు?

మొదటి కారణం, పాడేది చాలా తక్కువ. క్రాఫ్టీ హ్యాండ్స్ మొత్తంలో మాటలున్న పాట ఒక్కటే, మిగతావన్నీ వాయిద్యాలే. ఆ రోజుల్లో కొత్త బ్యాండ్ జనానికి తెలియాలంటే రేడియోనే దిక్కు. రేడియోకి కావాల్సింది కారులో వెళ్తూ హమ్ చేసుకునే పాట. అమెరికాలోనే కాన్సస్ అనే ఇంకో ప్రోగ్రెసివ్ బ్యాండ్ ఉంది. వాళ్ళూ కష్టమైన మ్యూజిక్కే వాయించేవాళ్ళు, కానీ నోటికి పట్టే పల్లవి ఇచ్చేవాళ్ళు. 1976లో వచ్చిన "క్యారీ ఆన్ వేవర్డ్ సన్" పెద్ద హిట్టయింది. హ్యాపీ ద మ్యాన్ దగ్గర అలాంటి పాట లేదు. రాయాలని మనసూ లేదేమో.

రెండోది టైమింగ్. 1977 అంటే ఒకపక్క సెక్స్ పిస్టల్స్ ఆల్బమ్‌తో పంక్ ఊపందుకుంది, ఇంకోపక్క సాటర్డే నైట్ ఫీవర్ సినిమాతో డిస్కో. ఒకరికి మూడు కార్డ్స్ చాలు, ఇంకొకరికి డాన్స్ చేసే బీట్ చాలు. పదకొండు లెక్కలో మ్యూజిక్ వినే ఓపిక ఎవరికుంటుంది? ఇంగ్లండ్‌లోని పెద్ద బ్యాండ్లకైతే అప్పటికే లక్షల మంది అభిమానులున్నారు, తుఫాను తట్టుకున్నారు. వీళ్ళు అప్పుడే పడవెక్కారు.

అరిస్టా వీళ్ళని వదిలేసింది. అయినా బ్యాండ్ ఆగలేదు. కోకో రూసెల్ అనే ఫ్రెంచ్ డ్రమ్మర్‌ని తీసుకుని, 1979లో మూడో ఆల్బమ్ కోసం డెమోలు రికార్డ్ చేశారు. కొనే కంపెనీ లేదు. ఆ ఏడాదే బ్యాండ్ విడిపోయింది. కిట్ వాట్కిన్స్ ఇంగ్లండ్ వెళ్ళి క్యామెల్ అనే బ్యాండ్‌లో చేరాడు. ఇక్కడ చిన్న విచిత్రం ఉంది. ఆ మూడో ఆల్బమ్ కోసం ఆయన రాసిన "ఐ ఆఫ్ ద స్టార్మ్" అనే పీసు, 1979లో క్యామెల్ ఆల్బమ్‌లో వచ్చేసింది. అంటే సొంతింటికన్నా ముందు పక్కింట్లో వినిపించిందన్నమాట.

మరి ఆ టేపులు ఏమయ్యాయి? పారేయలేదు. 1983లో కిట్ వాట్కిన్స్ తన సొంత చిన్న లేబుల్ మీద వాటిని రిలీజ్ చేశాడు. దానికి పెట్టిన పేరు "బెటర్ లేట్". ఆలస్యమైనా పర్లేదు అనే అర్థంలో. తర్వాత క్యూనిఫామ్ అనే చిన్న కంపెనీ వీళ్ళ తొలినాళ్ళ రికార్డింగ్స్‌ని 1990లో "బిగినింగ్స్" పేరుతో, 1999లో "డెత్స్ క్రౌన్" పేరుతో తెచ్చింది. 2000లో అమెరికాలోని నియర్‌ఫెస్ట్ అనే ప్రోగ్రెసివ్ రాక్ ఫెస్టివల్‌లో బ్యాండ్ మళ్ళీ స్టేజ్ ఎక్కింది. 2004లో కొత్త ఆల్బమ్ "ద మ్యూజ్ అవేకెన్స్" కూడా వచ్చింది. క్రాఫ్టీ హ్యాండ్స్ వచ్చిన 26 ఏళ్ళకి!

ఈ కథలో నన్ను ఆపేసే విషయం ఒకటుంది. పెద్ద కంపెనీ చేతిలో ఉన్నది రెండు ఆల్బమ్సే. మిగతాదంతా ఈరోజు మనం వినగలుగుతున్నామంటే, ఎవరో టేపులు జాగ్రత్తగా దాచారు, ఇంకెవరో లాభం పెద్దగా రాదని తెలిసీ ప్రింట్ చేశారు. హిట్టవ్వని పని అంతా ఇలా బతకదు. ఎవరో ఒకరు పట్టుకుని కూర్చుంటేనే బతుకుతుంది. మీరు కూడా పాటలో, షార్ట్ ఫిల్మో చేసి వ్యూస్ రాలేదని డిలీట్ చేయబోతుంటే ఒక్క నిమిషం ఆగండి. ఒక కాపీ దాచుకోండి.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలి అంటారా? ముందు క్రాఫ్టీ హ్యాండ్స్‌లో "సర్వీస్ విత్ ఎ స్మైల్" వినండి, మూడు నిమిషాల లోపే. నచ్చితే అదే ఆల్బమ్‌లో "ఇబ్బీ ఇట్ ఈజ్", ఇది దాదాపు ఎనిమిది నిమిషాలు. తర్వాత మొదటి ఆల్బమ్‌లో "స్టార్‌బోర్న్". సెర్చ్ చేసేటప్పుడు ఒక్క మాట, జెనెసిస్‌కి కూడా 1972లో "హ్యాపీ ద మ్యాన్" అనే పాట ఉంది. అది తగిలితే కంగారు పడకండి, ఆల్బమ్ పేరు కూడా కలిపి కొట్టండి. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వద్దు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. మొదటి ముప్ఫై సెకన్లకే స్కిప్ కొట్టకండి, ప్లీజ్.

విన్నాక ఏడు లెక్క ఎక్కడ దొరికిందో, ఎక్కడ తప్పిందో కామెంట్స్‌లో రాయండి. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను ఫ్రెండ్స్.