పులికి ఆకలేస్తే

తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి ఆటల పోటీకి న్యాయనిర్ణేతగా కూర్చోబెట్టడమేమిటని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. కాలేజీ వార్షికోత్సవంలో ఈసారి విద్యార్థులు సొంతంగా తయారుచేసిన ఆటలకు పోటీ పెట్టారు. లెక్కల లెక్చరరుగారు ఒకరు, కంప్యూటర్ల శాఖ మేడమ్‌గారు ఒకరు న్యాయనిర్ణేతలు. మూడో ఆయనకు సరిగ్గా ఆ వారమే జ్వరం వచ్చింది. "మీకు పులీమేకా వచ్చును కదా, మాస్టారూ, రండి" అన్నారు. వచ్చినమాట నిజమే. మా అమ్మ పెంపకంలో పులీమేకా రాకుండా ఎవరూ అన్నప్రాశన దాటలేదు.

వచ్చిన ఆటల్లో ఎక్కువ భాగం కంప్యూటరు తెర మీదివి. తుపాకులూ, కార్లూ, మీట నొక్కితే పేలేవీ. వాటిని గురించి రాయడానికి నాకు చేతకాదు, రాయకపోయినా వాటికి వచ్చిన లోటులేదు. ఒక మూల బల్ల దగ్గర మాత్రం ఒక కుర్రాడు పాత దుప్పటి పరచి, దానిమీద సుద్దతో పులీమేకా బొమ్మ గీసి, చింతపిక్కలు పోసుకుని కూర్చున్నాడు. ఉక్కునగరం కుర్రాడు, తండ్రి ఉక్కు కర్మాగారంలో షిఫ్టు ఉద్యోగి. బల్ల అంచున మూడు చిన్న గిన్నెలు, ఒక్కొక్క దానిలో 10 శనగగింజలు.

"ఈ గిన్నెలేమిటోయ్?" అన్నాను.

"పులుల కడుపులండీ" అన్నాడు.

చదరంగం తెలియని పిల్లలు ఈ రోజుల్లో లేరు. మన కోనేరు హంపి 2002లో పదిహేనో ఏట గ్రాండ్‌మాస్టరు అయిన దగ్గరనుంచి ప్రతి వీధిలోనూ ఒక చదరంగం బడి ఉన్నట్టే కనిపిస్తోంది. పులీమేకా సంగతి అలా కాదు కనుక, మరిచిపోయినవారికోసం నాలుగు ముక్కలు చెబుతాను. కొండలాగా ఒక ముక్కోణం. కొమ్ము నుంచి కిందికి నాలుగు గీతలు. అడ్డంగా మూడు గీతలు, ఆ ముక్కోణం దాటి రెండు పక్కలకూ కాస్త బయటికి వస్తాయి. ఆ చివరలను నిలువుగా కలుపుతారు. ఒక్కొక్క అడ్డగీత మీద 6 కూడళ్లు, అడుగు గీత మీద 4, కొమ్మున ఒకటి, వెరసి 23. పులులు మూడు, మేకలు 15. పులులు మొదటే కొండెక్కి ఉంటాయి. మేకలను ఒక్కొక్కటిగా దింపాలి. మేక దిగిన తరువాత పులి ఒక ఎత్తు వేస్తుంది. అన్ని మేకలూ దిగేవరకూ ఏ మేకా కదలరాదు. పులి పక్కనున్న మేక మీదుగా దూకి అవతలి కూడలిలో పడితే ఆ మేక చచ్చినట్టు. అవతల చోటు ఖాళీగా లేకపోతే దూకడానికి వీల్లేదు. మేక ఎవరినీ చంపలేదు. పులి ఎటూ కదలకుండా కట్టెయ్యడమే దానికి చేతనైన పని. మా ఇంటి లెక్కలో ఆరు మేకలు పోతే పులులు గెలిచినట్టు. పక్క ఊళ్లో ఇంకో లెక్క ఉంటుంది.

ఈ ఆటకు కర్త ఎవరో లేడు. ఆడుకున్నవాళ్లే, ఇష్టం కొద్దీ, ఊరికొక గీతా ఇంటికొక షరతూ కలుపుకుంటూ తయారుచేసుకున్న ఆట ఇది. తమిళులు ఆడు పులి ఆట్టం అంటారు. నేపాలులో బాఘ్‌చాల్ అని నాలుగు పులులూ 20 మేకలూ పెట్టి ఆడతారు. యూరపులో నక్క, బాతుల ఆట ఉంది. 1732లో లాప్లాండు వెళ్లిన లిన్నేయస్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు అక్కడివాళ్లు ఆడే టాబ్లుట్ అనే ఆటను తన దినచర్యలో రాసుకున్నాడు. అందులోనూ ఒక పక్షం ఎక్కువ, ఒక పక్షం తక్కువ. రెండు వైపులా సమానమైన సేన ఉన్నప్పుడే న్యాయమైన యుద్ధమని చదరంగం మనకు నేర్పింది గాని, లోకంలో అలా జరిగే తగాదాలు ఎన్ని?

ఇక కుర్రాడి షరతు. పులివైపువాడు ఎత్తు వేసినప్పుడల్లా మూడు గిన్నెల్లోంచీ ఒక్కొక్క గింజ తీసెయ్యాలి. మేకను తిన్న పులి గిన్నె మళ్లీ 10 గింజలతో నిండుతుంది. గింజలు అయిపోయిన పులి ఆకలితో పోయినట్టే, బొమ్మ మీంచి తీసెయ్యాలి. ఇంతే. తక్కినదంతా పాత ఆటే.

ఈ ఊహ ఎలా వచ్చిందని అడిగాను. 2022 వేసవిలో కాకినాడ జిల్లా ప్రత్తిపాడు వైపు ఒక పెద్దపులి తిరిగి పశువులను చంపుతూ, తరువాత అనకాపల్లి జిల్లాలోకి వచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు వీడు స్కూల్లో చదువుతున్నాడట. ఇంట్లో అందరూ పులి ఎక్కడుందని భయపడుతుంటే, వీడికి మాత్రం పులి ఎన్నాళ్లకోసారి తింటుందన్న అనుమానం పట్టుకుంది. వెతికి తెలుసుకున్నాడు. ఏడాదికి సుమారు యాభై పెద్ద జంతువులు, అంటే వారానికి ఒకటి దొరికితే దానికి గడుస్తుంది. "మనం పులిని చూసి భయపడతామండీ, పులి వారాన్ని చూసి భయపడుతుంది" అన్నాడు. ఆ మాటకే నేను మొదటి బహుమతి రాసేద్దామనుకున్నాను. తెలుగు లెక్చరరు దౌర్బల్యం అది.

లెక్కలాయన కూడా తల ఊపారు. పాత ఆటలో ఉన్న చిక్కు ఏమిటంటే, ఇద్దరూ జాగ్రత్తపరులైతే ఆట తెగదు. పులి రెండు కూడళ్ల మధ్య అటూ ఇటూ పచార్లు చేస్తుంది, మేక కూడా అంతే. నేపాలు ఆటను సింగపూరుకు చెందిన లిమ్ యూ జిన్, స్విట్జర్లాండుకు చెందిన యూర్గ్ నీవర్‌గెల్ట్ అనే ఇద్దరు పండితులు ఈ శతాబ్దం మొదటి దశాబ్దంలో కంప్యూటరు చేత తవ్వించి, ఇద్దరూ తప్పు చెయ్యకుండా ఆడితే ఎవరూ గెలవరని తేల్చారు. చదరంగంలో అందుకే యాభై ఎత్తుల నిబంధన పెట్టారు. యాభై ఎత్తులపాటు ఏ పావూ చావక, ఏ బంటూ కదలకపోతే ఆట సమమని అడగవచ్చు. అక్కడ విసుగెత్తినవాళ్లు చేతులు కలుపుకుని లేచిపోతారు. ఈ కుర్రాడు చేతులు కలపనివ్వడు, విసిగించినవాణ్ణి పస్తు పెడతాడు.

అయితే ఆట గుణం చూసి చెప్పేది కాదు, ఆడి చెప్పేది. తీర్పు రెండు రోజులు వాయిదా వేయించి, కుర్రాణ్ణి దుప్పటితో సహా మా ఇంటికి రమ్మన్నాను.

మా అమ్మకు డెబ్బై దాటాయి. విజయనగరం వైపు మనిషి. చదువు అయిదో తరగతి, పులీమేకాలో మాత్రం ఆవిడకు మా చుట్టాల్లో ఉజ్జీ లేదు. కొత్త షరతు విని, "ఏటి బాబూ, పులికి కంచాలు కూడా పెట్టేవా?" అని నవ్వి, మేకలు తీసుకుంది. కుర్రాడు పులులు తీసుకున్నాడు.

అమ్మ మొదటి మేకను అడుగు గీత మూల పెట్టింది. రెండోదాన్ని రెండో మూల. తరువాత పక్క చివరల నాలుగు మూలలూ నింపింది. కుర్రాడి పులులు కొండమీద కాపు కాస్తూనే ఉన్నాయి, మేక లోపలికి రాకపోతుందా అని. ఆవిడ లోపలికి రాలేదు. మూలల మధ్యనున్న ఖాళీలు పూడ్చింది. పదో మేక దిగింది, పులి పదో ఎత్తు వేసింది, మూడు గిన్నెలూ ఒక్కసారి ఖాళీ అయ్యాయి. ఒక్క మేక చావలేదు, ఒక్క పులి కట్టు పడలేదు, ఆట అయిపోయింది. నేను కాఫీ సగం కూడా తాగలేదు.

కుర్రాడు దుప్పటివంక చూస్తూ ఉండిపోయాడు. లెక్క చూడండి. అడుగున 4, పక్కల 3 చొప్పున 6, మొత్తం 10 అంచు కూడళ్లు. మూలలు ముందు నింపి ఆపైన మధ్యవి నింపితే, వాటిలో దేని మీదుగానూ పులి దూకలేదు. దూకితే దిగడానికి చోటుండదు. పది గింజలు, పది చోట్లు! పాత ఆటలోనూ ఈ పది భద్రమైన చోట్లు ఉన్నాయి, తెలిసినవాళ్లందరూ అక్కడే మొదలుపెడతారు. కాని అక్కడ ఇంకా 5 మేకలు మిగులుతాయి, వాటిని పులుల నోటిముందు దింపక తప్పదు. అసలు ఆట ఆ అయిదుగురిదే. కొత్త షరతు ఆ అయిదింటినీ చేతిలోనే ఉంచేసింది.

రెండోసారి ఒక పులిని మూలకు తెచ్చి అడ్డం కూర్చోబెట్టాడు. అమ్మ ఒక మేకను పోగొట్టుకుంది. తిన్న పులి బతికింది, తక్కిన రెండూ పోయాయి. మిగిలిన ఒంటిపులిని కట్టెయ్యడం ఎంతసేపు?

"ఇది ఆట కాదు మామ్మగారూ" అన్నాడు, గొంతు పూడిపోయి.

"చట్టం నీదే కదా బాబూ, నేను తప్పేం చేశాను?" అంది అమ్మ.

నాకు కంద పద్యం గుర్తొచ్చింది. కందంలో బేసి గణంగా జగణం రాకూడదు. మొదటి ఏడాది పిల్లలు ఆ మాట విని, జగణమంటేనే దోషమనుకుని ఎక్కడా రానివ్వరు. కాని ఆరో చోట నలమో జగణమో ఉండి తీరాలి. నిషేధం గణం మీద కాదు, చోటు మీద. కుర్రాడి ఆకలి షరతు కూడా అంతే కాబోలనిపించింది. షరతు చెడ్డది కాదు, మొదలుపెట్టిన చోటు చెడ్డది. ఆ సంగతి నేను చెప్పేలోగానే వాడు సుద్దముక్క తీసుకుని, "పదిహేనో మేక దిగాక లెక్క మొదలుపెడదామండీ" అన్నాడు.

మూడో ఆట రాత్రి భోజనాలవేళ దాకా సాగింది. ఒక్క మేకా పోకుండా పదిహేనూ దిగితే ఖాళీ ఉండేవి అయిదే కూడళ్లు. మేకలవైపువాడు వంతు వదులుకోవడానికి వీల్లేదు గనుక, అంచుల్లో కూర్చున్నవి ఏదో ఒకటి లేవాలి, లేస్తే కన్నం పడుతుంది. ఒక మేక పోతే పోయేది మేక ఒక్కటే కాదు, పులికి తిరగడానికి ఇంకొక చోటు దొరుకుతుంది. ఇదంతా పాత ఆటే. కొత్తది ఏమిటంటే, మూడు పులులూ ఒకడి సేన కాకుండా పోయాయి. అవి ఇప్పుడు ఒకే ఇంట్లో మూడు నోళ్లు. నిండు గిన్నె ఉన్న పులి ఎదుట అమ్మ కావాలనే ఒక మేకను వదిలింది. తింటే గెలుపు లెక్కలో ఒకటి కలుస్తుంది. కాని అవతల రెండే గింజలు మిగిలిన పులి, రేవులో బెర్తు కోసం బయట లంగరేసుకున్న ఓడలాగా, వంతు రాక ఎదురుచూస్తోంది. కుర్రాడు చాలాసేపు ఆలోచించి కడుపు నిండిన పులిని పక్కకు తప్పించాడు. ఆకలిపులికి దారి ఇచ్చాడు. నేను ఇన్నేళ్లు పులీమేకా చూశాను. పులి మేకను చూసి తప్పుకోవడం ఎన్నడూ చూడలేదు. చదరంగంలో కూడా బలగాన్ని బలి ఇస్తారు గాని, ఒకరికొకరు అన్నం వదులుకోరు.

పది గింజలు మరీ తక్కువ, పులులు నిలవడం లేదు. ఇరవై పెడితే ఆకలి సంగతే ఎవరికీ గుర్తు రాలేదు. పదిహేను దగ్గర కుదురుకుంది.

ఇప్పుడు తీర్పు. కంప్యూటరు మేడమ్‌గారు సవరించిన ఆటకు మొదటి బహుమతి ఇవ్వాలన్నారు. లెక్కలాయనా సరేనన్నారు. నేనే ఒప్పుకోలేదు. పోటీకి వచ్చింది ఆ రోజు బల్లమీద ఉన్న ఆట. ఆ ఆట పది ఎత్తుల్లో కూలిపోయేది. మిగతా పిల్లల ఆటలను ఎవరూ ఇంటికి తీసుకువెళ్లి, దోషాలు చూపించి, దిద్దుకోనివ్వలేదు. రెండో బహుమతి ఇచ్చాం. కుర్రాడు వేదికమీద నవ్వాడు గాని, కిందికి దిగాక నావైపు చూడలేదు. నేను చేసినది సబబేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. అనుకున్నప్పుడల్లా ఆ ముఖం కనిపిస్తుంది.

మా అమ్మ మాత్రం రెండు రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడింది. "దోషం కనిపెట్టింది నేను. పట్టుకుపోయి ఆ పిల్లాడి నెత్తిన రుద్దింది నువ్వు" అంది.

మొన్న ఆదివారం తలుపు చప్పుడైంది. కుర్రాడు, చంకలో దుప్పటి. "మామ్మగారున్నారా అండీ?" అన్నాడు, నన్ను దాటుకుని లోపలికి వెళ్లాడు. ఈసారి గింజలు పదిహేనేసి తెచ్చాడు. అమ్మ ఎన్నడూ లేనిది పులులవైపు కూర్చుంది. గంట గడిచాక నేను వెళ్లి చూసేసరికి ఒక గిన్నెలో మూడు గింజలున్నాయి, ఒకదానిలో ఒకటే ఉంది. వంటింట్లోంచి మా ఆవిడ వడ్డించానని రెండుసార్లు కేకేసింది. "ఉండమను, నా పెద్దది ఇంకా తినలేదు" అంది అమ్మ, బొమ్మ మీంచి చూపు తిప్పకుండా.