నేరముద్ర – ఎఱుకలవారి చరిత్ర

ఒక మనుష్యుని నేరస్థునిగా చేయునది అతని కార్యము మాత్రమే కాదు; సంఘము అతనికి పెట్టు పేరు కూడ. సమాజశాస్త్రజ్ఞులు దీనిని ముద్రాసిద్ధాంతమందురు. 1938లో ఫ్రాంక్ టానెన్‌బామ్ ఈ భావమునకు బీజము వేసెను. 1951లో ఎడ్విన్ లెమెర్ట్ తప్పునందు రెండు దశలను గుర్తించెను. మొదటిది ఏదో కారణమున జరిగిపోయిన తప్పు. రెండవది, పదిమందియు దొంగయని పిలువగా, అన్యమార్గము కానక, ఆ పేరునే బ్రతుకుగా చేసికొనుట. నేరము చేసినవారినే కాక, నియమములు చేయువారిని, ముద్ర వేయువారిని గూడ పరిశీలింపవలెనని 1963లో హోవర్డ్ బెకర్ చూపెను.

అమెరికా పండితులు ఈ సిద్ధాంతమును రూపొందింపక మునుపే తెలుగునేలపై దీనికి నిదర్శనమేర్పడియుండెను. అది ఎఱుకలవారి చరిత్రము. తమిళనాట కొరవలు, కన్నడదేశమున కొరమ, కొరచలు వీరికి బంధుజాతులు. వీరిలో పలువురు ఎద్దులపైనను గాడిదలపైనను తీరమునుండి ఉప్పును లోనాడులకు గొనిపోయి, ధాన్యమునకు మార్చుకొనుచు జీవించిరి. పందొమ్మిదవ శతాబ్దమున రైలుమార్గములును, ఉప్పుపై సర్కారువారి అదుపును, అటవీశాసనములును ఈ వర్తకమును దెబ్బతీసెను. తెరువు కోల్పోయిన సంచారులు పాలకుల కంటికి అనుమానితులైరి.

1871లో ఉత్తరదేశమున పుట్టిన నేరస్థజాతుల చట్టము 1911లో మదరాసు రాజధానికి వ్యాపించెను. ప్రకటితజాతులవారి పేర్లు పట్టీ కెక్కింపబడెను, వ్రేలిముద్రలు తీయబడెను, తమ రాకపోకలను పోలీసులకు తెలుపవలసివచ్చెను. బిడ్డలను తల్లిదండ్రులనుండి వేఱుచేయుటకును చట్టము వీలు కల్పించెను. బాపట్ల చెంత సాల్వేషన్ ఆర్మీవారు నెలకొల్పిన స్టూవర్టుపురము ఇట్టి నివేశనములలో నొకటి.

వీరిలో దొంగతనమునకు పాల్పడినవారే లేరనుట సత్యము కాదు. కాని దొంగలు లేని జాతి యేది? ఇతరులలో నేరము వ్యక్తికి చెందగా, ఇచట అది పుట్టుకకు అంటగట్టబడెను. పనికై పోయినవానికి తలుపు మూసి, చోరి జరిగినపుడు వానినే మొదట వెదకినచో, నిజాయితీవలన వానికి కలుగు లాభమేమి? ముద్రయే నేరమునకు దారి చూపును. ఆ నేరమే మరల ముద్రకు సాక్ష్యమగును.

మదరాసు రాజధానిలో 1947లోను, దేశమంతట 1952 ఆగష్టు 31వ తేదీనను ఈ చట్టము రద్దయ్యెను. అయినను అలవాటుపడిన నేరస్థుల చట్టములు దాని స్థానము నాక్రమించెను. విముక్తజాతులవారిని పుట్టుకతో నేరస్వభావులుగా చూచుట తగదని సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న కారాగార నిబంధనల విషయమున తీర్పు చెప్పవలసివచ్చెను.

తమిళనాడు ప్రభుత్వపు విముక్తజాతుల పట్టికలో ‘దొంగ బోయ’ అను పేరు నిలిచియున్నది. విముక్తి పొందినవారి పేరిట ముద్ర మాత్రము పోలేదు. అదియును మన తెలుగుమాటయే. చట్టమును శాసనసభ కొట్టివేయగలదు. నోటిమాటను మానవలసినది సంఘమే.