పొరుగు రాష్ట్రంలో రద్దయిన డ్రైవింగ్ లైసెన్సు: స్వస్థలానికి తిరిగివచ్చినవారికి చట్టం చూపే మార్గం

ఆలేరు: ఉపాధి నిమిత్తం మహారాష్ట్ర, గుజరాత్, కర్ణాటక రాష్ట్రాలకు తరలివెళ్ళి, కొంతకాలానికి స్వస్థలాలకు తిరిగివచ్చే కుటుంబాలు పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో తరతరాలుగా ఉన్నవి. వీరిలో లారీలు, టాక్సీలు, ఆటోలు నడిపి జీవించేవారూ ఉన్నారు. అక్కడ ఉండగా డ్రైవింగ్ లైసెన్సు రద్దు అయిన వ్యక్తి ఆలేరుకు తిరిగివచ్చిన పిదప, సొంత జిల్లా రవాణా కార్యాలయం దానిని పునరుద్ధరించగలదని భావించుట సహజమే. కాని మోటారు వాహనాల చట్టం, 1988 అట్లు చెప్పదు. లైసెన్సు దేశమంతటా చెల్లుతుందని 13వ సెక్షన్ పేర్కొన్నది. దానిపై వెలువడిన ఉత్తర్వు సైతం అదే విధంగా రాష్ట్ర సరిహద్దు దాటి లైసెన్సుదారు వెంటనే వచ్చును.

ముందుగా పత్రికలలోను, ఒక్కొక్కప్పుడు కార్యాలయ దస్త్రాలలోను కలగాపులగమగుచున్న రెండు పదములను వేరుపరచుట అవసరం. నిర్ణీత కాలం వరకు వాహనం నడపరాదని, లైసెన్సు పొందరాదని ఇచ్చునది అనర్హత ఉత్తర్వు. ఆ కాలం ముగియగానే లైసెన్సు తిరిగి ఇవ్వబడును. అయితే 2019 సవరణ ప్రకారం అందుకు డ్రైవర్ల పునశ్చరణ శిక్షణను విజయవంతంగా పూర్తిచేసి ఉండవలెను. రద్దు అన్నది వేరు. రద్దయిన లైసెన్సు కాలగమనంతో తిరిగి ప్రాణం పోసుకొనదు.

పోలీసు అధికారి లైసెన్సును స్వాధీనం చేసుకొనగలరే గాని రద్దు చేయజాలరు. మద్యం సేవించి నడుపుట, అతివేగం, ప్రమాదకరంగా నడుపుట, చివరకు హెల్మెట్ లేకపోవుట వంటి నేరాలలో 206వ సెక్షన్ కింద లైసెన్సును తీసుకొని లైసెన్సింగ్ అధికారికి పంపవలెను. అప్పుడిచ్చే తాత్కాలిక రసీదు వాహనం నడుపుటకు అనుమతి కాదు. రసీదు చేతనున్నదన్న ధైర్యంతో హైదరాబాదు–వరంగల్ రహదారిపై బండి తీయువారు ఈ సంగతి గమనింపవలసియున్నది. లైసెన్సింగ్ అధికారి సంబంధితుని వాదన విన్న పిమ్మట, మొదటి నేరమైనచో మూడు నెలల అనర్హత, రెండవసారి లేక ఆపైన అయినచో రద్దు విధింపవచ్చును, లేదా విడిచిపెట్టవచ్చును. కారణములను లిఖితపూర్వకంగా నమోదు చేయుట తప్పనిసరి.

ఉదాహరణకు, నల్లగొండ జిల్లాలో లైసెన్సు పొంది భివండీకి వెళ్ళిన డ్రైవరు విషయం చూడవచ్చును. థానే లైసెన్సింగ్ అధికారి దానిని రద్దు చేసినచో, ఆ విషయాన్ని లైసెన్సుపై నమోదు చేసి, జారీ చేసిన కార్యాలయానికి తెలియజేయవలెనని 19వ సెక్షన్ నిర్దేశించినది. ఉత్తర్వు అందిన 30 రోజులలోగా అప్పీలు చేసుకొను హక్కు డ్రైవరుకు కలదు. అయితే ఆ అప్పీలు మహారాష్ట్రలో నిర్దేశింపబడిన అధికారికే చేయవలెను. భువనగిరిలోని రవాణా కార్యాలయానికి ఆ ఉత్తర్వును సవరించు అధికారం లేదు. ఊరికి తిరిగివచ్చు హడావుడిలో ఈ 30 రోజులు గడిచిపోవుటయే అసలు నష్టం.

రద్దు గాక అనర్హత మాత్రమే విధింపబడినవారికి 23వ సెక్షన్ మరొక వెసులుబాటు కల్పించుచున్నది. ఉత్తర్వు తేదీ నుండి ఆరు నెలలు దాటిన తరువాత, ఉత్తర్వు ఇచ్చిన కోర్టుకు లేక అధికారికే దానిని తొలగించమని దరఖాస్తు చేయవచ్చును. దానిని తిరస్కరించినచో మరల మూడు నెలల వరకు రెండవ దరఖాస్తు స్వీకరింపబడదు. దీర్ఘకాల అనర్హతలకే ఇది ఉపయోగకరం. మూడు నెలల ఉత్తర్వు ఉన్నవారికి దీనితో పని లేదు.

అప్పీలు గడువు దాటినవారికి మిగిలిన మార్గం కొత్త లైసెన్సు. 2019 సవరణ అనంతరం, తాము నివసించు రాష్ట్రంలోని ఏ లైసెన్సింగ్ అధికారికైనను దరఖాస్తు చేయవచ్చును గనుక, ఆలేరు వాసి తెలంగాణలోనే దరఖాస్తు చేసుకొనగలరు. లెర్నర్ లైసెన్సు, కనీసం 30 రోజుల నిరీక్షణ, డ్రైవింగ్ పరీక్ష అన్నీ మొదటి నుండి జరుగవలెను. పూర్వం లైసెన్సు రద్దయినదన్న కారణంతో అధికారి నిరాకరింపవచ్చునని 9వ సెక్షన్ చెప్పుచున్నది. ఇది గమనార్హం: నిరాకరింపవచ్చును అన్నదే గాని, నిరాకరించి తీరవలెనని లేదు. దరఖాస్తుదారుని వాదన వినకుండ, కారణములు వ్రాయకుండ తిప్పి పంపుట చట్టసమ్మతం కాదు. నిరాకరణపై సైతం 30 రోజులలోగా అప్పీలు కలదు. ఈ అప్పీలు తెలంగాణలోనే జరుగును.

గతాన్ని దాచిపెట్టి లైసెన్సు తీసుకొనుట మాత్రం ప్రమాదకరం. తెలంగాణ రవాణా శాఖ అనేక సంవత్సరాలు కేంద్ర ‘సారథి’ వ్యవస్థలో చేరక సొంత కంప్యూటర్ వ్యవస్థను నడిపినందున, పొరుగు రాష్ట్రపు ఉత్తర్వు ఇక్కడ కనిపించదన్న ధీమా కొందరికి కలిగియుండవచ్చును. అనర్హత అమలులో ఉండగా దరఖాస్తు చేయుట, పూర్వపు లైసెన్సుపై గల నమోదులను వెల్లడింపకుండుట 182వ సెక్షన్ కింద నేరములు. వీటికి మూడు నెలల వరకు జైలు, లేక 10,000 రూపాయల జరిమానా, లేక రెండును విధింపవచ్చును. అట్లు పొందిన లైసెన్సు చెల్లదు. ప్రమాదం సంభవించినచో బీమా సంస్థ ఈ లోపమునే ముందుకు తెచ్చును. యజమాని తెలిసి బండి అప్పగించినట్లు రుజువైనచో, బాధితులకు చెల్లించిన పరిహారం ఆయన నుండి వసూలు కావచ్చును.

2014 జూన్ 2న రాష్ట్ర విభజన జరిగినప్పుడు గాని, 2016 అక్టోబరు 11న ఆలేరు నల్లగొండ నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలోనికి మారినప్పుడు గాని, గడువులో ఉన్న పాత లైసెన్సులు చెల్లకుండా పోలేదు. అప్పటికి అమలులో ఉన్న రద్దు ఉత్తర్వులు సైతం తొలగిపోలేదు.

దరఖాస్తుదారులు రద్దు ఉత్తర్వు ప్రతిని, అది అందిన తేదీని తెలుపు ఆధారమును, అప్పీలు చేసియున్నచో దానిపై వచ్చిన నిర్ణయమును, శిక్షణ పూర్తిచేసియున్నచో ధ్రువపత్రమును, ప్రస్తుత నివాస రుజువును వెంట ఉంచుకొనుట మేలు. ఉత్తర్వు ప్రతి లేనివారు, ఆ రాష్ట్రం విడిచి రాకమునుపే దానిని ఇచ్చిన కార్యాలయం నుండి పొందుట సులభం.