తాకినా అంటని ఆవేశం పళ్లెంలోకి ఎలా వస్తుంది?

ఉన్నిగుడ్డతో రుద్దిన ప్లాస్టిక్ పలకకు సాధారణంగా రుణావేశం వస్తుంది. దానిమీద ప్లాస్టిక్ పిడి ఉన్న లోహపు పళ్లెం పెడితే పలకలోని ఎలక్ట్రాన్లు పళ్లెంలోకి వచ్చేస్తాయా? దాదాపు రావు. ప్లాస్టిక్ బంధకం కదా, దాని ఆవేశం ఎక్కడిదక్కడే ఉండిపోతుంది.

కదలికంతా లోహంలోనే. అందులోని స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు పలక వికర్షణకు పళ్లెం పైముఖానికి తరలిపోతాయి. కింది ముఖాన వాటి కొరత, అంటే ధనావేశం. మొత్తం మాత్రం ఇంకా సున్నాయే! లోహం లోపల విద్యుత్ క్షేత్రం సున్నా అయ్యేవరకే ఈ సర్దుబాటు; ఆపైన ఎలక్ట్రాన్లను నెట్టే బలం ఉండదు. ఇదే స్థిరవిద్యుత్ ప్రేరణ.

ఇప్పుడు పైముఖాన్ని వేలితో తాకండి. ఎలక్ట్రాన్లు మన ఒంటిగుండా నేలకు జారుకుంటాయి. ముందు వేలు తీసి, తర్వాతే పిడి పట్టి ఎత్తాలి. వరస తప్పితే ఫలితం సున్నా. ఎత్తిన పళ్లెంలో ధనావేశం మిగిలి, రెండు ముఖాలకూ పరుచుకుంటుంది.

పలక ఆవేశం పెద్దగా తరగదు కనుక మళ్లీ మళ్లీ చేయొచ్చు. మరి శక్తి ఎక్కడిది? ఆకర్షణకు ఎదురు లాగిన మన చేతిదే. 1775లో వోల్టా ప్రాచుర్యంలోకి తెచ్చిన ఎలక్ట్రోఫోరస్ ఇదే. తేమకు ఆవేశం నిలవదు. వానరోజున కాకుండా పొడిగా ఉన్నప్పుడు చేసి చూడండి.