వసంతంలో పూసే బతుకమ్మ

ఉగాదికి మామిడి పూత, సంక్రాంతికి చలిమంట, బతుకమ్మకు తంగేడు. మన పండుగలకు ఇవే గుర్తులు. న్యూజిలాండ్‌లో ఈ లెక్కంతా తలకిందులు. ఇక్కడ ఉగాది ఆకులు రాలే కాలంలో వస్తుంది. సంక్రాంతి నడి ఎండాకాలంలో పడుతుంది. దసరా ముందు బతుకమ్మ వచ్చేసరికి వసంతం మొదలవుతుంది. పంచాంగం అదే, నేలే వేరు. మరి పండుగ ఎట్లా చేసుకోవాలి? ఊళ్లో చేసినట్టు అచ్చంగానా, ఇక్కడి నేలకు తగ్గట్టుగానా? ఆక్లాండ్ నగరంలోని మౌంట్ ఆల్బర్ట్‌లో, చుట్టుపక్కల ఉంటున్న మా నాలుగైదు తెలుగు కుటుంబాల మధ్య ఏటా ఈ చర్చ నడుస్తూనే ఉంటుంది.

పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, పొట్ట చేతబట్టుకుని వచ్చి, ఇక్కడ ఇళ్ల నిర్మాణంలో సూపర్‌వైజర్లుగా పనిచేస్తున్న వాళ్లం మేము. అందుకేనేమో, ఏ సంగతైనా మాకు ముందు ఇల్లు లాగానే కనబడుతుంది.

రెండు రకాల ఇళ్లు

మౌంట్ ఆల్బర్ట్ ఒక చల్లారిన అగ్నిపర్వతం. ఎత్తు 135 మీటర్లు. మావోరీలు దీన్ని ఓవైరాకా అంటారు. ఒకప్పుడు రైలు పట్టాల కింద పరిచేందుకు ఇక్కడి రాయిని తవ్వుకుపోవడంతో కొండ కొంత పొట్టిదైపోయింది. కొండకు దగ్గర్లోనే ఆల్బర్టన్ అనే పాత చెక్క ఇల్లుంది. 1863లో అలన్ కెర్ టేలర్ కట్టించిన మామూలు రైతు ఇల్లది. కుటుంబంతో పాటు పెరుగుతూ 18 గదుల భవంతి అయింది. దాని వరండాల్లో, బురుజుల్లో మన దేశపు పోకడలు కనిపిస్తాయి. అలాగని అది భారతదేశపు ఇంటికి నకలు కాదు. ఇక్కడి చెక్కతో, ఇక్కడి వానకు తగ్గట్టు కట్టుకున్నారు. స్త్రీల ఓటు హక్కు కోసం గొంతెత్తిన సోఫియా టేలర్ ఈ ఇంటి ఇల్లాలే. ఆ హక్కు 1893లో వచ్చింది. ఇల్లు మాత్రం ఇవాళ్టికీ నిలిచే ఉంది, జనం వెళ్లి చూస్తున్నారు.

ఇంకో రకం ఇళ్ల కథ వేరు. 1990ల్లో ఇక్కడ మధ్యధరా సముద్ర తీరపు ఇళ్ల ఫ్యాషన్ వచ్చింది. చూరు లేని కప్పు, నున్నటి ప్లాస్టర్ గోడ. లోపల మందు పట్టించని పైన్ చెక్క. ఆక్లాండ్‌లో వాన ఏడాది పొడవునా పడుతుంది. చూరు లేక గోడ మీదకు జారిన నీళ్లు పగుళ్లలోంచి లోపలికి దిగాయి. వెనక గాలి ఆడే సందు లేక ఆరలేదు. చెక్క లోలోపలే కుళ్లింది. బయటికి గోడ మాత్రం తెల్లగా మెరుస్తూనే ఉండేది. 2009లో ప్రభుత్వం కోసం వేసిన అంచనాలో ఇలా దెబ్బతిన్న ఇళ్లు సుమారు 42,000, నష్టం 1,130 కోట్ల డాలర్లు అని తేలింది. ఇప్పటికీ అలాంటి గోడలు విప్పి బాగుచేసే పని మాకు తగులుతూనే ఉంటుంది. ఎక్కడిదో అందం చూసి తెచ్చుకున్నారు గానీ, ఇక్కడి వానను ఎవరూ అడగలేదు.

మన సంస్కృతి సంగతీ ఇంతే అనిపిస్తుంది. ఊళ్లోది ఉన్నదున్నట్టు తెచ్చి నిలబెడితే పైకి బాగానే ఉంటుంది. లోపల పిల్లల మనసుకు గాలి ఆడుతోందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

"అది మీ ఊరి పండుగ"

ఆ మధ్య మా కుటుంబాల్లోని పదమూడేళ్ల అమ్మాయి బతుకమ్మ ఆటకు రానని మొండికేసింది. పట్టుచీర కట్టి, ప్లాస్టిక్ పూలు పేర్చి, స్పీకర్లో పాట పెట్టి, ఫోన్లకు ఫోజులివ్వడం తనకు నచ్చలేదట. "అది మీ ఊరి పండుగ, మా ఊరిది కాదు" అనేసింది. పెద్దవాళ్లకు కోపం వచ్చింది. కాసేపటికి ఆలోచన కూడా వచ్చింది. బతుకమ్మంటే ఆ కాలంలో చెలకల్లో, గట్ల మీద దానంతటదే పూసిన పువ్వును ఏరుకొచ్చి పేర్చడం. గునుగు, తంగేడు, కట్ల, బంతి, గుమ్మడి. కొనుక్కొచ్చిన ప్లాస్టిక్ పూలకు, ఆ పండుగకు ఏం సంబంధం?

ఆ ఏడాది పూల పని పిల్లలకే వదిలేశాం. "మన వాడలో ఇప్పుడేం పూస్తోందో మీరే చూసి రండి" అన్నాం. పక్కింటి ముసలావిణ్ని అడిగి కామెల్లియాలు తెచ్చారు. పెరట్లోని డాఫొడిల్స్ కోశారు. ఒకరింట్లో కోఫై చెట్టుంది. వసంతంలో పసుపుపచ్చగా విరగబూసే ఇక్కడి చెట్టది. దాని పువ్వు తంగేడు స్థానంలో కుదిరింది. తంగేడు, కోఫై రెండూ చిక్కుడు కుటుంబానివే అని ఆ అమ్మాయే పుస్తకంలో చూసి చెప్పింది. చెరువు లేదు కాబట్టి పెద్ద టబ్బులో నీళ్లు నింపాం. మధ్యలో పసుపు గౌరమ్మ మాత్రం ఎప్పటిలాగే ఉంది.

పాట దగ్గర అసలు చిక్కొచ్చింది. స్పీకర్ వద్దంటే పాడేదెవరు? సెప్టెంబరు చివరి ఆదివారం ఇక్కడ గడియారం గంట ముందుకు జరుపుతారు. ఆ తర్వాత మనకు సాయంత్రం ఆరైతే కరీంనగర్‌లో పొద్దున పదిన్నర. ఆ అమ్మాయి నానమ్మకు వీడియో ఫోన్ చేశాం. "ఒక్క పాటేంది బిడ్డా! ఉయ్యాలో అని అందుకుంటే ఇంటి ముచ్చట, ఊరి ముచ్చట, ఏదైనా కలుపుకుంట పోవుడే" అందామె. పిల్లలు కలిసి ఓవైరాకా కొండను, ఆగని వానను పాటలోకి ఎక్కించారు. తెలుగు తడబడింది. నానమ్మ అక్కడి నుంచే దిద్దింది. కొత్త మాట చేర్చడం పాటను చెడగొట్టడం కాదని, ఆ పాట నడిచే తీరే అదని మాకు అప్పుడు బోధపడింది.

ఇంతమాత్రాన అంతా చక్కబడిందని కాదు. ఆ అమ్మాయి ఇప్పటికీ అమ్మానాన్నలకు సగం జవాబులు ఇంగ్లీషులోనే ఇస్తుంది. కానీ నానమ్మకు ఫోన్ చేయమని ఎవరూ గుర్తుచేయాల్సిన పని లేదు.

ఈ నేల నేర్పిన పాఠం

భాష చేజారిపోతుందన్న భయం మనది ఒక్కరిదే కాదు. ఇక్కడి మావోరీలకు సొంత నేల మీదే ఆ గతి పట్టింది. బడుల్లో తమ భాష నేర్పాలని 1972లో 30,000కు పైగా సంతకాలతో పార్లమెంటుకు అర్జీ పెట్టుకున్నారు. 1982లో కోహంగా రెయో మొదలుపెట్టారు. అంటే భాషా గూడు అని అర్థం. బడికి పోని పసిపిల్లల్ని అవ్వలు, తాతల దగ్గర కూర్చోబెట్టి, ఆటపాటలన్నీ మావోరిలోనే జరిపించారు. 1987లో అది అధికార భాష అయింది. వాళ్లు భాషను అద్దాల పెట్టెలో పెట్టి దాచలేదు. పిల్లల నోట్లో పెట్టారు. ఇవాళ మన పిల్లలూ బడిలో మావోరి పాటలు పాడుతున్నారు.

మనకూ ఇక్కడ అవ్వలు, తాతలు వస్తుంటారు. ఆరు నెలలు ఉంటే వంటింట్లోనో, టీవీ ముందో గడిపి వెళ్లిపోతుంటారు. వాళ్లకు వారానికి రెండు సాయంత్రాలు పిల్లల్ని అప్పగించి చూడండి. పాఠాలేమీ అక్కర్లేదు. పచ్చడి కలపడం, ముగ్గు వేయడం, ఊరి ముచ్చట చెప్పడం చాలు. పిల్లలు అందులో ఏదైనా మారిస్తే వెంటనే అడ్డుపడకండి. పునాది మనం వేద్దాం. కిటికీలు ఎటువైపు పెట్టుకోవాలో ఆ ఇంట్లో ఉండబోయే వాళ్లను కూడా అడుగుదాం.